అపరాధము వెనుక ఆవేదన: బాల నేరస్థుల మనోవ్యధను గుర్తించి స్వస్థపరచుటకు జరిగిన ప్రయత్నముల చరిత్ర

ఉపోద్ఘాతము

దొంగతనము చేసి పట్టుబడిన పన్నెండేళ్ళ బాలుని ఎదుట నిలిచిన పెద్దలు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. వీడు ఏమి చేశాడు? వీనికి ఏ శిక్ష వేయాలి? మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. వీని లోపల ఏమి జరుగుతున్నది? ఈ మూడవ ప్రశ్నకు న్యాయస్థానము పక్కన ఒక గది, ఒక వైద్యుడు, ఒక పద్ధతి ఏర్పడి నూరు సంవత్సరములు దాటినవి. ఆ ప్రశ్న ఎట్లు పుట్టినదో, దానికి ఏ జవాబులు దొరికినవో, ఆ జవాబులను నమ్మి చేసిన సేవ ఎక్కడ ఫలించి ఎక్కడ హాని చేసినదో ఈ వ్యాసంలో క్రమముగా పరిశీలింపగోరుచున్నాము.

ఇది కాపరులకు సంబంధించిన విషయమేనా అని కొందరు అడుగవచ్చు. సంబంధించినదే. మన సంఘములలో అనేకము క్రిస్మస్ దినములలో బాలుర పరిశీలక గృహములకు కేకులు, దుప్పట్లు తీసికొని వెళ్తాయి. పాటలు పాడి, వాక్యము చెప్పి, ప్రార్థన చేసి, మేలు చేశామన్న తృప్తితో తిరిగి వస్తాయి. నిజముగా మేలు జరిగినదో లేదో మనకు ఎట్లు తెలియును? ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది రెండు మాటలలో ఇమిడి ఉన్నది. ఒక్కొక్క బిడ్డ బాధను విడిగా గుర్తించకుండా చేసే చికిత్స గుడ్డిది. ఫలితమును పరీక్షించుకొనని ప్రేమ కూడా గుడ్డిదే.

1. పుట్టుకను బట్టి తీర్పు

పంతొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో నేరమును గూర్చి బలముగా వ్యాపించిన ఆలోచన ఏమనగా, కొందరు నేరస్థులుగానే పుడతారు అని. ఇటలీ దేశపు వైద్యుడు చెజారె లొంబ్రోసో 1876లో ప్రచురించిన గ్రంథములో పుర్రె ఆకారము, దవడ ఎముక వంటి శరీర లక్షణములను బట్టి నేరస్థుని గుర్తుపట్టవచ్చునని వాదించాడు. అంతకు ఐదేళ్ళ ముందే, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వము మన దేశంలో నేరస్థ తెగల చట్టము చేసినది. లొంబ్రోసో మనిషి ముఖము చూసి తీర్పు చెప్పగా, ఈ చట్టము మనిషి కులమును చూసి తీర్పు చెప్పినది. 1911లో వచ్చిన కొత్త చట్టముతో ఇది మద్రాసు రాష్ట్రమునకు కూడా వర్తించినది. ఎరుకల వంటి సముదాయములు పోలీసు జాబితాలకు ఎక్కినవి. హాజరు వేయించుకొనుట, అనుమతి చీటీ లేనిదే ఊరు దాటకుండుట వారి దినచర్యలో భాగమైనవి.

ఈ చరిత్రలో సంఘమునకు కూడా భాగమున్నది. ఈ చట్టము క్రింద ఏర్పడిన సెటిల్‌మెంట్ల నిర్వహణను ప్రభుత్వము మిషను సంస్థలకు అప్పగించినది. బాపట్ల సమీపమున స్టువర్టుపురము సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలోను, నెల్లూరు ప్రాంతమున కావలి సెటిల్‌మెంటు అమెరికన్ బాప్తిస్టు మిషను నిర్వహణలోను నడిచినవి. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు ఫ్రెడరిక్ బూత్-టక్కర్ ఈ పనికి ‘క్రిమినోక్యూరాలజీ’ అని ఒక పేరే కల్పించాడు. నేరమునకు వైద్యము అని దాని భావము. భూమి, బడి, పని కల్పించుటలో మిషనరీలు పడిన శ్రమను మేము కాదనుట లేదు. అయితే వైద్యము అన్న మాటకు ముందు రోగ నిర్ధారణ ఉండవలెను. ఇక్కడ నిర్ధారణ చట్టమే చేసి పెట్టినది. రోగి పేరు ఒక సముదాయము పేరు. ఒక్కొక్క మనిషిని పరీక్షించవలసిన పని ఎవరికిని లేకపోయినది.

అంతేకాదు, 1911 చట్టము పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ లేక సంస్కరణ పాఠశాలలలో ఉంచుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. తల్లిదండ్రుల నుండి తప్పించినయెడల నేరము నుండి తప్పించినట్లే అని పాలకులు తలచారు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి. మూడవ భాగంలో దీని దగ్గరకు తిరిగి వస్తాము.

మద్రాసు రాష్ట్రములో ఈ చట్టము 1947లో రద్దయినది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయినది. చట్టము పోయినను ముద్ర పోలేదు. 1970వ దశకములో లవణం, ఆయన భార్య, మహాకవి జాషువా కుమార్తె హేమలత స్టువర్టుపురములో సంస్కరణ కృషి చేయవలసి వచ్చినదంటే ఆ ముద్ర ఎంత లోతుగా దిగినదో ఊహించవచ్చు. తండ్రుల దోషమును పిల్లలకు అంటగట్టే సామెతను ఇకమీదట పలుకవద్దని యెహెజ్కేలు ప్రవక్త పదునెనిమిదవ అధ్యాయములో ఇశ్రాయేలీయులకు బోధించాడు. ఆ అధ్యాయమును బోధించే మనము ఈ చరిత్రను మరువరాదు.

2. చికాగోలో ఒక కొత్త పద్ధతి

అమెరికాలోని చికాగో నగరంలో 1899లో పిల్లలకు ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడినది. పిల్లలను పెద్దల జైలులో వేయరాదని పోరాడిన స్త్రీలలో జేన్ ఆడమ్స్ గారి హల్ హౌస్ సేవకురాండ్రు ముఖ్యులు. అయితే పదేళ్ళు గడిచినప్పటికి ఒక చిక్కు తేలినది. న్యాయమూర్తి ఎంత దయ చూపినను కొందరు పిల్లలు మరల మరల అదే నేరముతో తిరిగి వస్తున్నారు. ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు 1909లో జూవెనైల్ సైకోపతిక్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఏర్పడినది. ఎథెల్ డమ్మర్ అనే దాత ఐదేళ్ళ ఖర్చు భరించుటకు ఒప్పుకొన్నది. నాడీ వైద్యుడు విలియం హీలీ దానికి అధిపతియయ్యాడు. ఆయన పద్ధతి ఇప్పుడు మనకు సామాన్యముగా తోచవచ్చు గాని ఆనాడు అది కొత్తది. కుటుంబ చరిత్ర, బాల్యములో వచ్చిన జబ్బులు, శరీర పరీక్ష, బుద్ధి పరీక్షలు, ఇల్లు, స్నేహితులు ఇవన్నియు వ్రాసుకొనేవారు. వాటితోపాటు, తన కథను తన మాటలలో చెప్పమని బిడ్డనే అడిగేవారు. అధికారులు వ్రాసిన కాగితములలో లేని సంగతులు అక్కడ బయటపడినవి.

హీలీ 1915లో వెలువరించిన గ్రంథమునకు ‘ది ఇండివిడ్యుయల్ డెలింక్వెంట్’ అని పేరు. పేరులోనే సిద్ధాంతమున్నది. నేరమునకు ఒకే కారణము లేదు. ఒక్కొక్కరి విషయములో కొన్ని కారణములు కలిసి పనిచేస్తాయి. నేరస్థుడు పుట్టుకతో వస్తాడన్న వాదమునకు తన పరీక్షలలో ఆధారము దొరకలేదని ఆయన చూపించాడు. 1917లో వెలువరించిన మరియొక గ్రంథములో లోపల దాచుకొన్న మానసిక సంఘర్షణ దొంగతనముగా, ఇల్లు విడిచి పారిపోవుటగా ఎట్లు బయటపడునో వివరించాడు. మద్రాసు రాష్ట్రములో ఒక సముదాయమునంతటిని ఒకే జాబితాలో వ్రాసుకొనుచున్న దశాబ్దములోనే చికాగోలో ఒక వైద్యుడు ఒక్కొక్క బాలునికి వేరు వేరు కాగితము తెరిచాడు. ఈ రెండు సంగతులను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెను.

హీలీ 1917లో బోస్టన్ నగరమునకు వెళ్ళి, సహోద్యోగి అగస్టా బ్రోనర్‌తో కలిసి జడ్జ్ బేకర్ ఫౌండేషన్‌లో పనిచేశాడు. వారిద్దరు 1936లో ప్రచురించిన పరిశోధన మన అంశమునకు మూలస్తంభము వంటిది. నేరము చేసిన 105 మంది పిల్లలను తీసికొని, అదే ఇంటిలో పెరిగి నేరము చేయని 105 మంది తోబుట్టువులతో పోల్చారు. ఇల్లు ఒకటే, పేదరికము ఒకటే, వీధి ఒకటే. మరి తేడా ఎక్కడ? నేరము చేసిన వారిలో 91 శాతము మంది తీవ్రమైన అసంతోషముతో గాని మానసిక క్షోభతో గాని ఉన్నట్లు స్పష్టమైన గుర్తులు కనిపించినవి. తోబుట్టువులలో అట్టివారు 13 శాతము మాత్రమే. తనను ఎవరును కోరుకొనుట లేదన్న భావము, అన్నదమ్ములలో తాను తక్కువవాడనన్న బాధ, ఇంటి కలహము, దాచుకొన్న అపరాధ భావము అక్కడ కనిపించినవి. నేరము తరచుగా ఒక బాధ మాట్లాడే భాష అని దీనివలన తేలినది.

ఒక హెచ్చరిక కూడా చెప్పవలెను. క్షోభను వెదకినవారికి ఎవరు నేరము చేసినవారో ముందే తెలుసు. కాబట్టి ఆ అంకెలను కొంత జాగ్రత్తతో తీసికొనవలెను. అయినను ఒకే ఇంటి బిడ్డలను పోల్చిన ఆ ఆలోచన విలువ తగ్గలేదు.

3. వియన్నా, లండన్ నగరముల సాక్ష్యము

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన 1918లో ఆస్ట్రియా దేశపు ఉపాధ్యాయుడు ఆగస్ట్ ఐక్‌హార్న్ ఒబర్‌హొల్లాబ్రున్ అను చోట దారి తప్పిన పిల్లలకు ఒక గృహము ప్రారంభించాడు. ఎవరికిని లొంగని పన్నెండుమంది బాలురను ఒక గుంపుగా చేర్చి, వారిని కొట్టవద్దని, శిక్షించవద్దని, ప్రాణాపాయము లేనంతవరకు అడ్డగించవద్దని సిబ్బందికి చెప్పాడు. బాలురు కిటికీలు, బల్లలు విరుగగొట్టారు. రోజురోజుకు అల్లరి మితిమీరినది. అయినను పెద్దల వైపు నుండి వారు ఎదురుచూచిన దెబ్బ రాలేదు. కొంతకాలమునకు ఆ కోపము ఏడ్పుగా మారినది. ఆ తరువాత వారు క్రమముగా స్థిమితపడ్డారు. 1925లో ఐక్‌హార్న్ ఈ అనుభవములను గ్రంథముగా వ్రాయగా, సిగ్మండ్ ఫ్రాయిడ్ దానికి ముందుమాట వ్రాశాడు. ప్రేమ దొరకని బిడ్డకు ద్వేషము ఒక కవచమని, ఆ కవచమును దెబ్బతో పగులగొట్టలేమని ఐక్‌హార్న్ అనుభవము చూపినది.

లండన్‌లో డాక్టర్ జాన్ బౌల్బీ 1936 నుండి 1939 వరకు ఒక చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లో చూచిన 44 మంది దొంగతనపు పిల్లలను, దొంగతనము చేయని మరి 44 మంది పిల్లలతో పోల్చి 1944లో ప్రచురించాడు. ఆ దొంగతనపు పిల్లలలో 14 మందికి ఎవరియెడలను ఆప్యాయత లేదు, సిగ్గు లేదు, జాలి లేదు. ఆ 14 మందిలో 12 మంది పసితనములో తల్లి నుండి చాలాకాలము వేరుచేయబడినవారు. రెండవ గుంపులోని 44 మందిలో అట్టివారు ఇద్దరే. పరీక్షించిన చిన్న సంఖ్యను బట్టియు, పరీక్షించినవాడు నిర్ధారించినవాడు ఒకడే అగుటను బట్టియు తరువాతి పండితులు ఈ పనిని విమర్శించారు. తల్లి నుండి వేరైన ప్రతి బిడ్డయు దొంగ కాడు. అయినను బంధము తెగుట బిడ్డ మనస్సును గాయపరచునన్న సత్యము నిలిచినది.

ఇప్పుడు 1911 చట్టము దగ్గరకు తిరిగి వద్దాము. నేరము నుండి రక్షించుటకు పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేయవచ్చునని ఆ చట్టము చెప్పినది. ముప్పదిమూడు సంవత్సరముల తరువాత బౌల్బీ చూపిన ప్రకారము ఆ వేరుచేయుటయే గాయము కాగలదు. మంచి ఉద్దేశముతో వ్రాసిన మందు చీటీలో రోగమునకు కారణమైన పదార్థమే ఉన్నది. మన క్రైస్తవ హాస్టళ్ళు, అనాథ గృహములు నడిపే పెద్దలు ఈ మాటను ప్రార్థనాపూర్వకముగా ఆలోచింపవలెను. తల్లి బ్రతికి ఉన్న బిడ్డను పేదరికము కారణముగా దూరమునకు తీసికొని పోవుట అన్ని వేళలా రక్షణ కాదు.

ఇదే కాలములో ఇంగ్లాండులో యుద్ధ భయమున ఇండ్లు విడిచిన పిల్లల వసతి గృహములలో పనిచేసిన డాక్టర్ డొనాల్డ్ వినికాట్ 1956లో మరొక మాట చేర్చాడు. దొంగిలించే బిడ్డ తాను పోగొట్టుకొన్నదానిని వెదకుచున్నాడు. కాబట్టి ఆ పనిలో ఒక ఆశ కూడా ఉన్నది. బిడ్డ ఇంకను వెదకుచున్నాడంటే ఇంకను నిరాశపడలేదని అర్థము.

4. ఒక మంచి మనిషి ప్రయత్నము

వేదాంత విద్యార్థులకు డాక్టర్ రిచర్డ్ క్యాబట్ పేరు తెలిసియుండవలెను. వైద్య విద్యార్థులవలె వేదాంత విద్యార్థులు కూడా రోగుల మధ్య ఒక సంవత్సరము శిక్షణ పొందవలెనని 1925లో వ్రాసినవాడు ఆయనే. అదే సంవత్సరము వూస్టర్ మానసిక ఆసుపత్రిలో ఆంటన్ బాయ్‌సన్ కొద్దిమంది వేదాంత విద్యార్థులతో ప్రారంభించిన శిక్షణకు ఆయన అండగా నిలిచాడు. మనము ఈనాడు క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్ అని పిలిచే శిక్షణ అక్కడ నుండి పెరిగినది.

1934లో షెల్డన్, ఎలియనోర్ గ్లూక్ దంపతులు ఒక చేదు సత్యమును బయటపెట్టారు. బోస్టన్ బాలల న్యాయస్థానము హీలీ క్లినిక్‌కు పంపిన వెయ్యిమంది బాలురలో ఐదు సంవత్సరములలో 88 శాతము మంది మరల నేరము చేశారు. క్లినిక్ చేసిన సిఫారసులు చాలామంది విషయములో పూర్తిగా అమలు కాలేదన్నది కూడా నిజమే. రోగమును పేరు పెట్టి పిలిచినంతమాత్రమున అది పోదని క్యాబట్ వంటివారు గ్రహించారు. నమ్మకమైన ఒక స్నేహితుడు బాలుని ప్రక్కన ఏండ్ల తరబడి నిలిచినయెడల ఏమగును? ఈ ప్రశ్నతో ఆయన కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ యువజన అధ్యయనమును రూపొందించాడు.

బాలురను వయస్సు, కుటుంబము, స్వభావము బట్టి జతలుగా చేర్చి, ఎవరికి సహాయము చేయవలెనో నాణెము ఎగురవేసి నిర్ణయించారు. సహాయకులు నెలకు సుమారు రెండుసార్లు ఇంటికి వెళ్ళేవారు. చదువు చెప్పేవారు, వైద్యుని వద్దకు తీసికొని వెళ్ళేవారు, వేసవి శిబిరములకు పంపేవారు. సేవ ప్రారంభమైన 1939లోనే క్యాబట్ మరణించాడు. సేవ 1945 వరకు సాగినది. చివరికి లెక్కకు నిలిచినవారు రెండు గుంపులలో కలిపి 506 మంది.

దాదాపు ముప్పది సంవత్సరముల తరువాత జోన్ మెక్‌కార్డ్ అను పరిశోధకురాలు ఆ బాలురను వెదకి, 1978లో ఫలితములు ప్రకటించినది. సహాయము పొందినవారిలో మూడింట రెండు వంతుల మంది తమకు మేలు జరిగినదని చెప్పారు. అయితే నేరముల లెక్కలో వారికి ఏ లాభమును కనిపించలేదు. నేరము చేసినవారిలో మరల నేరము చేయుట, మద్యపాన వ్యసనము, తీవ్రమైన మానసిక రోగము, త్వరగా మరణించుట వంటివి సహాయము పొందినవారిలోనే ఎక్కువగా కనిపించినవి. ఒక సజ్జనుడు ప్రేమతో నాటిన చెట్టు చేదు ఫలములు ఇచ్చినది.

5. హాని ఎట్లు జరిగినది?

ఈ చోట చాలామంది పాఠకులు నొచ్చుకొందురని మాకు తెలుసు. అయినను కారణములు చూడవలెను. 1999లో మెక్‌కార్డ్, ఆమె సహచరులు అదే సమాచారమును మరల పరిశీలించగా ఒక సంగతి తేలినది. వేసవి శిబిరములకు ఒకటికంటె ఎక్కువసార్లు పంపబడిన బాలురలో హాని ఎక్కువగా ఉన్నది. గుంపుగా చేరిన బాలురు ఒకరి దుడుకు పనిని మరొకరు నవ్వి మెచ్చుకొందురు. పెద్దలు పాట నేర్పుచుండగా పిల్లలు ఒకరికొకరు వేరే పాఠము నేర్చుకొందురు. మరియొక కారణము కూడా ఊహింపవచ్చును. ఏండ్ల తరబడి ఇంటికి వచ్చిన స్నేహితుడు ఒకనాడు రావడము మానివేశాడు. బంధము ఏర్పరచి, తరువాత తెంచివేయుట బౌల్బీ చెప్పిన గాయమునకు దూరమైన సంగతి కాదు.

దీనివలన స్నేహము పనికిరాదని తేల్చరాదు. సరియైన నిర్ధారణ, సరియైన పద్ధతి, ఫలితముల పరీక్ష అనే మూడును లేని స్నేహము చాలదని మాత్రమే తేల్చవలెను.

6. మరల చికాగోలో

చరిత్ర మరల అదే నగరమునకు తిరిగి వచ్చినది. 1995 నుండి 1998 వరకు చికాగోలోని బాలుర నిర్బంధ గృహములో లిండా టెప్లిన్ బృందము 10 నుండి 18 ఏండ్ల మధ్యనున్న 1,829 మందిని పరీక్షించి 2002లో ప్రకటించిన ప్రకారము, బాలురలో దాదాపు మూడింట రెండు వంతులకు, బాలికలలో దాదాపు నాలుగింట మూడు వంతులకు ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నది. అదే అధ్యయనములో భాగముగా 2004లో ప్రకటించిన మరొక నివేదిక ప్రకారము, పరీక్షించినవారిలో 92.5 శాతము మంది కనీసము ఒక్కసారియైనను భయంకరమైన ఘటనకు గురియైనవారు. హీలీ అనుమానించినది మరింత కట్టుదిట్టమైన పద్ధతితో రుజువైనది.

గుర్తించే పనిముట్లు కూడా మెరుగైనవి. థామస్ గ్రిస్సో, రిచర్డ్ బార్నమ్ తయారుచేసిన మేసీ-2 అను ప్రశ్నావళిలో అవును, కాదు అని జవాబిచ్చే 52 ప్రశ్నలున్నవి. గృహములో చేరిన బిడ్డ దానిని పావుగంటలోపే పూర్తిచేయగలడు. కోపము, దిగులు, ఆత్మహత్య ఆలోచన, మత్తు అలవాటు, గత గాయములు ఇందులో విడివిడిగా తెలుస్తాయి. ఇది రోగ నిర్ధారణ కాదు. ఎవరిని వెంటనే వైద్యుడు చూడవలెనో చెప్పే గంట మాత్రమే.

చికిత్సలో కూడా ఆశాజనకమైన సంగతి ఉన్నది. అదే చికాగో గృహములో, కోపము వచ్చిన క్షణమున ఆగి ఆలోచించుటను నేర్పే శిక్షణను కొన్ని విభాగములలో ఇచ్చి, మిగిలినవాటితో పోల్చారు. 2017లో ప్రచురించిన ఫలితముల ప్రకారము శిక్షణ పొందినవారు మరల నిర్బంధమునకు వచ్చుట 21 శాతము తగ్గినది. శిక్షణ ఇచ్చినవారు గృహపు సిబ్బందియే. వారిది కూడా గుంపు సేవయే. కాని అది క్రమము, శిక్షణ, పరీక్ష ఉన్న గుంపు సేవ.

7. మన పరిచర్యకు పాఠములు

మన ప్రాంతములో పిల్లలకు ప్రత్యేక చట్టము 1920 నాటి మద్రాసు బాలల చట్టముతో మొదలైనది. తరువాత 1986, 2000, 2015 సంవత్సరములలో దేశవ్యాప్త చట్టములు వచ్చినవి. 2015 చట్టము ఒక్కొక్క బిడ్డకు వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండవలెనని కోరుచున్నది. ఘోరమైన నేరము ఆరోపింపబడిన 16 ఏండ్లు నిండిన బాలుని మానసిక స్థితిని అంచనా వేయుటకు మనస్తత్వ నిపుణుల సహాయము తీసికొనవచ్చునని చెప్పుచున్నది. హీలీ తెరిచిన వేరు కాగితము మన చట్టములోనికి చేరినది. ఈ నేపథ్యములో కాపరులకు కొన్ని సూచనలు చేయగోరుచున్నాము.

మొదటిది, బిడ్డ కథను బిడ్డ నోటనే వినవలెను. గృహపు అధికారి చెప్పిన నేరముతో సంభాషణ మొదలుపెట్టరాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఇది ఎవరి పాపము అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసిన సంగతి యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో చదువుచున్నాము.

రెండవది, మన హద్దు తెలిసికొనవలెను. నిద్రలేమి, తన్ను తాను గాయపరచుకొనుట, చావు మాటలు కనిపించినప్పుడు ప్రార్థనతోపాటు ఆ దినమే గృహపు అధికారికి, వైద్యునికి తెలియజేయవలెను. దయ్యము పట్టినదని తొందరపడి చెప్పరాదు.

మూడవది, ఏడాదికొకసారి నలభైమంది వెళ్ళుటకంటె, అనుమతి పొందిన ఇద్దరు శిక్షితులు సంవత్సరము పొడవునా క్రమము తప్పక వెళ్ళుట మేలు. సేవ ముగించవలసి వచ్చినప్పుడు ముందుగా చెప్పి, సెలవు తీసికొని ముగించవలెను.

నాలుగవది, బిడ్డల పేర్లు, ఛాయాచిత్రములు ప్రచురించుట 2015 చట్టములోని 74వ సెక్షను ప్రకారము నేరము. సంఘ పత్రికలలో వేయుటకు వారితో ఫోటోలు దిగుట మానవలెను. ముద్ర వేసే పని మనమే చేయరాదు.

ఐదవది, లెక్క చూచుకొనవలెను. ఎంతమందికి కేకు పంచామన్నది లెక్క కాదు. బయటికి వెళ్ళిన బాలుడు ఇంటికి చేరినాడా, బడికో పనికో వెళ్ళుచున్నాడా, మరల పట్టుబడినాడా అన్నది లెక్క. మేలు జరిగినదని వారు చెప్పిన మాటతో తృప్తిపడరాదని కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ బాలురు మనకు నేర్పారు.

ముగింపు

లొంబ్రోసో ముఖమును చూచాడు, చట్టము కులమును చూచినది, హీలీ బిడ్డను చూచాడు, మెక్‌కార్డ్ ఫలితమును చూచినది. ఈ చివరి రెండు చూపులు మనకు కావలెను. క్యాబట్ తన అధ్యయనములో సహాయము పొందని గుంపును కూడా ఉంచి, తన ప్రేమకు తానే పరీక్ష పెట్టుకొన్నాడు. ఫలితము చూచుటకు ఆయన బ్రతికి లేడు. కాని ఆ పరీక్ష లేకపోయినయెడల హాని జరిగినదని ఎవరికిని తెలిసేది కాదు, దానిని సరిదిద్దుకొనే మార్గమును దొరికేది కాదు. కాపరి శిక్షణకు పునాది వేసిన ఆ వైద్యుని వద్ద మనము నేర్చుకొనవలసిన వినయము ఇదియే.